చినుకు గొడుగుల కొట్టు

మా వీధి మలుపులో గొడుగులాయన కొట్టు ఉండేది. ఆయన కుట్టిన గొడుగు వేసుకుని ఒకసారి గాలివానలో బయల్దేరితే, గాలి నన్ను ఎత్తుకెళ్ళి పై వీధిలో దించింది. చొక్కా మాత్రం తడవలేదు. మీరు నమ్మకపోయినా ఆయన భార్య నమ్మింది. "పై వీధిలో ఎవరైనా ఆ గొడుగు ఎక్కడ కొన్నారని అడిగారా అన్నయ్యగారూ?" అని ఆరా కూడా తీసింది.

ఆవిడ అసలు పేరు మాకెవరికీ తెలియదు. మాట మొదలుపెడితే సన్నగా, తెరిపి లేకుండా సాగుతుందని ఆయన "చినుకూ" అని పిలిచేవాడు. బోర్డు మీద రాయించిందీ అదే: చినుకు గొడుగులు. గుడ్డ ఆయన కత్తిరించేవాడు, అంచులు ఆవిడ కుట్టేది. లోపలివైపు చిన్న గుడ్డముక్క మీద ఆ పేరు చేత్తో కుట్టి తగిలించేది. గిరాకీ పెరిగాక ఆ ముక్కలు అచ్చు వేయించారు. తర్వాత ఆవిడే వెబ్‌సైట్ పెట్టించి, అదే పేరుతో డొమైన్ తీసుకుంది. ఎక్కడెక్కడి నుంచో ఆర్డర్లు రాసాగాయి.

"డొమైనంటే కొనుక్కున్నట్టు కాదండీ, అద్దెకున్నట్టు. ఏటా కట్టాలి," అని ఆవిడ చెబితే, "నీ పేరుకి నువ్వే అద్దె కడతావా, పిచ్చిమొహమా!" అని ఆయన నవ్వేవాడు. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించమని లాయరైన మేనకోడలు పోరినా అదే నవ్వు.

ఆవిడ జ్వరంతో పోయింది. ఫోన్ మాత్రం మోగుతూనే ఉండేది. "అమ్మగారున్నారా?" అని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో తెలియక, ఆయన దాన్ని ఆపేసి బీరువాలో ఆవిడ చీరల మధ్య పెట్టాడు. డొమైన్ గడువు ముగుస్తోందన్న సందేశాలు వెళ్ళింది ఆ ఫోన్‌కే. పేరు చేజారింది, దాంతోపాటే వెబ్‌సైట్‌లోని ఆర్డర్ల లెక్కలూ పోయాయి. ఎవరో ఆ పేరు పట్టుకుని, రెయిన్‌కోట్లు అమ్మే పెద్ద కంపెనీకి మంచి ధరకి అమ్ముకున్నారు. కంపెనీ ట్రేడ్‌మార్క్ కూడా రిజిస్టర్ చేయించుకుని, బోర్డు తీసెయ్యమని ఆయనకి నోటీసు పంపింది.

"కొట్టు పోతే పోనీవే. ఆ పేరు మాత్రం వదలను," అన్నాడు మేనకోడలితో.

"అయితే వాళ్ళకన్నా ముందే మీరు వాడినట్టు చూపించాలి మావయ్యా. పాత బిల్లులున్నాయా?"

"బిల్లు అడిగినవాడెవడే నన్ను?"

"పోనీ, పాత గొడుగులు?"

ఆయన మొహం వెలిగింది. చెప్పీ చెప్పగానే వీధి వీధంతా గొడుగులతో వచ్చింది. నేనూ నా ఎగిరే గొడుగు పట్టుకెళ్ళాను. మేనకోడలు ఒక్కొక్కటే విప్పి చూసింది. అన్నిటి లోపలా పేరుంది. కానీ గుడ్డ కొత్తది, పేరుముక్కా కొత్త అచ్చుదే. రిపేరుకొచ్చిన గొడుగుకి వెలిసిన గుడ్డ ఉంచడం ఆయనకి నామోషీ. మొత్తం ఒలిచేసి, కొత్త గుడ్డ వేసి, కొత్త ముక్క కుట్టి ఇచ్చేవాడు.

"వీటిలో పాతదేది మావయ్యా?"

"కర్ర," అన్నాడాయన మెల్లగా. ఇంకోటి విప్పాడు. "ఇందులోనూ కర్రే."

"కర్ర మీద పేరు లేదుగా!"

"ఆ పాత గుడ్డలేం చేశారు బావగారూ?" అన్నాను.

"మిషను తుడిచి పారేశాను బావగారూ. మా ఆవిడ చేత్తో కుట్టిన అక్షరాలు ఒక్కటీ ఉంచుకోలేదు," అన్నాడు. మేనకోడలు గొడుగులన్నీ ముడిచి ఎవరివి వాళ్ళకిచ్చేసింది.

ఆ పేరు వ్యాపారంలో వాడనని ఆయన సంతకం పెట్టాడు. బోర్డు దిగిపోయింది. తొలివాన రోజున నేనక్కడ ఉండగా ఒకావిడ కొట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"బాబాయిగారూ, చినుకు గొడుగు ఒకటివ్వండి."

"ఆ పేరుతో ఇక్కడేమీ లేవమ్మా. మామూలు గొడుగులున్నాయి."

"అదేమిటి, పిన్నిగారున్నప్పుడు ఇక్కడే కొన్నానే!"

"లేవమ్మా," అన్నాడు మళ్ళీ. మిషను పైనున్న భార్య ఫోటో వైపు మాత్రం చూడలేదు.

ఆవిడకి గొడుగిచ్చి పంపి, పట్టపగలే షట్టర్ దించేశాడు. నా గొడుగు కిందికి రమ్మన్నాను. లోపలి పేరుముక్క కేసి ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపి, వానలోనే ఇంటికి నడిచాడు.