పెద్దమ్మ భుజం నొప్పి

నా చిన్నప్పుడు మా అమ్మ నవ్వు వినాలంటే కింది వాటాకి దిగాల్సిందే. పైన, మా ఇంట్లో, నవ్వడానికి ఆవిడకి తీరికెక్కడిది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల పిచ్చి బాగా ముదిరిన రోజులవి. కరెంటు స్తంభాలకీ, గోడలకీ, ఆఖరికి మా గేటుకి కూడా ఏదో ఒక కోర్సు కాగితం అంటించి ఉండేది. మేం ఉన్న మూడు గదుల్లో రెండు, కోర్సుల కోసం ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళకి ఇచ్చేసి, అమ్మా నాన్నా నేనూ ఒక్క గదిలో సర్దుకున్నాం. ఎనిమిది మంది కుర్రాళ్ళు. వాళ్ళ టిఫిన్లూ, మధ్యాహ్నం కేరియర్లూ, రాత్రి భోజనాలూ అన్నీ అమ్మే. నాన్న పగలు పంజాగుట్టలో ఒక ఆఫీసులో గుమస్తా, సాయంత్రం ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తగా చేరేవాళ్ళ పేర్లు రాసుకునేవాడు. ఇంటికొచ్చేసరికి ఆయన మొహం చూస్తే పలకరించబుద్ధయ్యేది కాదు.

పైన అమ్మ కూర్చోగా నేను చూడలేదు. అన్నం కూడా స్టవ్ పక్కన నిలబడే తినేది. కాసేపు కూర్చోవే అమ్మా అంటే, మీ నాన్న వచ్చి వండుతాడా అని కసిరేది. ఆ కసురు నాకు బాగా అలవాటైపోయింది. అమ్మలందరూ ఇంతే కాబోలు అనుకునేదాన్ని.

కింది వాటాలో ఉండే పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మెదక్ వైపు మనిషి, వాళ్ళాయన బస్సు డ్రైవరు, పిల్లలు లేరు. ఒకరోజు మెట్ల కింద నిలబడి అమ్మని పిలిచింది. కుడి భుజం లేస్తలేదు, జడేసుకోను చాతనైతలేదు, జర నువ్వొచ్చి ఎయ్యరాదు చెల్లె అని అడిగింది. నాకున్న పని చాలనట్టు ఇదొకటా అని అమ్మ గొణుక్కుంది గానీ వెళ్ళింది. మర్నాడూ వెళ్ళింది. ఇక రోజూ మూడింటికి, కేరియర్ల గిన్నెలు కడిగేశాక, అరగంట సేపు కింద జడ పని.

పెద్దమ్మ గడపలో కూర్చుంటే, అమ్మ ఆవిడ వెనక పీట వేసుకుని కూర్చునేది. నూనె రాసి, చిక్కు తీసి, పాయలు విడదీసి, తాపీగా అల్లేది. పక్కన చాయ్ గ్లాసులు. పెద్దమ్మ మా ఇంటి ఓనరు నడకనీ, మా కుర్రాళ్ళ ఇంగ్లీషునీ అనుకరిస్తుంటే అమ్మ పడీపడీ నవ్వేది. నేను బడి నుంచి వస్తుంటే సందు మొదట్లోకే వినపడేది. పైకొచ్చాక కూడా ఒక గంట వరకూ అమ్మ నన్ను దేనికీ కసిరేది కాదు.

ఒక ఆదివారం పొద్దున నల్లా నీళ్ళొచ్చాయి. నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. పెద్దమ్మ నిండు బిందెని రెండు చేతులా ఎత్తి నెత్తిన పెట్టుకుని లోపలికి నడిచింది. ఒకటి కాదు, నాలుగు. తర్వాత బయటికొచ్చి, చేతులు వెనక్కి పెట్టి, చకచకా జడేసేసుకుంది. మధ్యాహ్నం మూడు కావస్తుంటే అదే జడ విప్పి, వేళ్ళతో కావాలని చిందరవందర చేసుకుంది. దొంగని పట్టుకున్నంత సంబరమేసింది నాకు. ఒక్క పరుగున పైకెళ్ళాను. అమ్మ చేతులు తుడుచుకుని కిందికి బయల్దేరుతోంది. నాన్న పేపరు చదువుతున్నాడు. ముందు గదిలో కుర్రాళ్ళందరూ ఉన్నారు. వాళ్ళందరి ముందూ గొంతెత్తి మొత్తం చెప్పేశాను.

ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. నాన్న పేపరు దించకుండానే, ఊరికే దొరికావు ఆవిడకి, ఆ అరగంటలో ఇంకో ఇద్దరికి వండొచ్చు అన్నాడు. అమ్మ కిందికి దిగలేదు. వంటింట్లోకి వెళ్ళి, నిలబడే, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరడం మొదలుపెట్టింది. నేను పక్కనే నిలబడ్డాను, మెచ్చుకుంటుందని.

పెద్దమ్మ నాలుగు రోజులు జుట్టు విరబోసుకుని గడపలో కూర్చుంది. ఐదో రోజు నేనే వెళ్ళి, నీ సంగతి మాకు తెలిసిపోయిందిలే అన్నాను. ఆవిడకి కోపం రాలేదు.

"మీ బాపు సుత ఇన్నడా?" అని అడిగింది. విన్నాడన్నాను.

"మీ అమ్మ ఉత్తగ కూసోదు బిడ్డా. పనుందంటెనే కూసుంటది. గందుకే పని జెప్పిన" అంది. అని, నా ఎదురుగానే రెండు చేతులూ ఎత్తి జడేసుకుంది.

నెల తిరక్కుండా నాన్న ఇంకో ఇద్దరు కుర్రాళ్ళని చేర్చుకున్నాడు. ఆ ఏడాదే పెద్దమ్మ వాళ్ళు బోరబండకి మారిపోయారు. సామాను ఆటో కదిలేదాకా అమ్మ స్టవ్ ముందు నుంచి జరగలేదు. అమ్మ నవ్వు మళ్ళీ నేను వినలేదు. పెంచి చెప్పడం లేదు, నిజంగానే వినలేదు.

ఇప్పుడు నాన్న లేడు. నాకూ జుట్టు నెరుస్తోంది. అమ్మ భుజం నిజంగానే లేవదు, జడ నేనే వేస్తాను, అదీ ఆఫీసు ఫోను చెవిన పెట్టుకుని, మూడు నిమిషాల్లో. మొన్నొక రోజు అలా వేస్తుంటే పెద్దమ్మ మాట వచ్చింది. ఆవిడకి నొప్పి లేదని నాకు రెండో రోజే తెలుసే, నూనె రాసే చేతికి తెలియదా అంది అమ్మ. మరెందుకు మానేశావన్నాను. నలుగురిలో బయటపడ్డాక ఇంకేం మొహం పెట్టుకుని వెళ్ళను, పని అనుకున్నారు కాబట్టే వెళ్ళనిచ్చారు అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, కింద పార్కింగ్‌లో కారు ఆపి, ఒక్కోసారి పావుగంట అందులోనే కూర్చుంటాడు. పైకొచ్చి పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్ అంటాడు. నిన్న సాయంత్రం మా అమ్మాయి బాల్కనీలోంచి చూసింది. దానికి పదేళ్ళు. కళ్ళు మెరిసిపోతుండగా లోపలికి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, నాన్న ఎప్పుడో వచ్చేశాడు, కార్లోనే ఉన్నాడు, మనకి అబద్ధం..." అంటోంది.

నేను దాని నోటి మీద చెయ్యి పెట్టేశాను. ట్రాఫిక్‌లో ఉన్నానని ఇప్పుడే ఫోన్ చేశాడు, నువ్వు లోపలే ఉండు, అన్నాను.