బత్తీ పట్టిన చెయ్యి

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు జరిగితే ఆ ఇంట్లో మొదట పలికేవి ఫ్రిజ్ తలుపులోని సీసాలు. నేల నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు ఒక్కసారి కదిలేది. సీసాలు ఒకదాన్నొకటి ముట్టుకుని సన్నగా గలగలమనేవి. ఆ తర్వాత గోదావరిఖని ఎండ మళ్లీ తన పనిలో తాను పడిపోయేది. ఏళ్ల తరబడి ఫక్రున్నీసా ఆ చప్పుడుకే కునుకు నుంచి లేచి టీకి నీళ్లు పెట్టేది.

ఆ రోజు నేల కదిలింది గాని ఏదీ పలకలేదు. సీసాలన్నీ వంటింటి గట్టు మీద నిలబడి ఉన్నాయి. ఫ్రిజ్ ఖాళీగా, నోరు తెరుచుకుని నిద్రపోయే ముసలివాడిలా గోడకు ఆనుకుని ఉంది.

గులాం అలీ పోయి పదకొండు నెలలు. బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి, రిటైరై, ఎప్పుడో కట్టుకున్న ఈ రెండు గదుల్లోనే ఇంకో ఆరేళ్లు బతికి పోయాడు. ఆయన పోయాక ఆ ఇంట్లో తనంతట తాను చప్పుడు చేసేది ఫ్రిజ్ ఒక్కటే. అది గురగురమంటుంటే వంటింట్లో ఎవరో ఉన్నట్టుండేది. కాసేపటికి ఒక్క కుదుపు కుదిపి ఆగేది. షిఫ్టు దిగి వచ్చి మంచం మీద వాలేముందు ఆయన ఒళ్లు విరుచుకోవడం అచ్చం అట్లాగే ఉండేది. మళ్లీ కొంతసేపటికి ఎవరూ లేపకుండానే లేచేది. ఆగినది మళ్లీ లేస్తుందన్న ఆ చిన్న నమ్మకం మీద ఫక్రున్నీసా పగళ్లు గడిచిపోయేవి.

నిన్నటి నుంచి అది లేవడం లేదు.

పొద్దున మెకానిక్ కిషన్ వచ్చాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యకుండానే ఫ్రిజ్ వెనక్కి తొంగి చూశాడు.

"కంప్రెసర్ పోయింది చిన్నమ్మా. ఇగ దీన్ల ఏం లేదు. ఇనుప సామానోనికి ఏసెయ్."

"మూలుగుతుంది గద బేటా?"

"పొయ్యేముందు అందరు మూలుగుతరు చిన్నమ్మా," అని నవ్వి, ఆమె ముఖం చూసి నాలుక కరుచుకుని, గబగబా బండెక్కాడు.

ఈ మాట కరీంనగర్‌లో ఉన్న కూతురు సుమైరా చెవిన పడేసరికి, కొత్త ఫ్రిజ్ కూడా ఖాయమైపోయింది. రేపు పొద్దున పదింటికి కొత్తది తెస్తారు, పాతది ఎత్తుకుపోతారు. "నడిస్తే ఉంచుకో అమ్మీ, నేనేమన్న వద్దంటున్ననా? నడువని డబ్బాను పెట్టుకొని ఏం జేస్తవు? నీ షుగరు సూదిమందు ఎక్కడ పెడ్తవు?" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. ఫక్రున్నీసా సాయంత్రం వరకు చూసి చెప్తానంది. సూదిమందు అప్పటికే పక్కింటి మల్లక్క ఫ్రిజ్‌లో చల్లగా ఉంది. ఫక్రున్నీసా ఫికరంతా చప్పుడు గురించి. దాన్ని ఎవరి ఇంట్లో దాచుకోవాలి?

*

ఆ ఫ్రిజ్ వాళ్లింటికి వచ్చిననాడే పాతది. జ్యోతినగర్‌లో ఉండే విశ్వేశ్వరరావు అనే ఇంజనీరు బదిలీ మీద పోతూ ఇచ్చిపోయాడు. లేత పచ్చ రంగు, అంచుల్లో తుప్పు. వచ్చిన వారానికే ఆగింది. గులాం అలీ దాన్ని గోడ నుంచి జరిపి, వెనక నేల మీద పక్కకు పడుకుని, "బత్తీ పకడ్," అన్నాడు. ఫక్రున్నీసా టార్చి పట్టుకుంది. ఆ పట్టుకోవడం ముప్పై ఏళ్లు సాగింది.

ఇంట్లో వాళ్లది దక్కనీ ఉర్దూ. కాని స్క్రూడ్రైవర్ చేతికి రాగానే గులాం అలీ తెలుగులోకి దిగేవాడు. పనంతా బాయిలో నేర్చాడు, నేర్పినవాళ్లు తెలుగులో నేర్పారు. పనికీ ఆయనకూ మధ్య భాష అదే. "ఇగో, ఇది రిలే. మోటర్‌ను లేపేది ఇదే. మోటర్ సచ్చిపోతే సప్పుడే చెయ్యదు. మూలుగుతుందంటే లెవ్వనీకి చూస్తున్నట్టు. లేపేటోడే లేడన్నట్టు." ఆమెకు చెప్పేవాడో, మోటరుకు చెప్పేవాడో తెలియదు. ఆమె ఊ కొట్టేది. వెలుతురు ఒక్క పిసరు పక్కకు జరిగితే మాత్రం గదమాయించేవాడు, "సీదా! ఎటు చూస్తున్నవ్?" అని. ఆమె ఎటూ చూసేది కాదు. వెలుతురు పడ్డచోటే చూసేది.

బాయిలో ఎక్కడన్నా కూర్చునే ముందు పైకప్పును కర్రతో తట్టి వినడం వాళ్లకు పద్ధతి. ఖంగుమంటే గట్టి. డొల్లగా పలికితే అక్కడినుంచి లేవాలి. ఆ పద్ధతిని గులాం అలీ ఇంటికీ తెచ్చాడు. పుచ్చకాయను తట్టేవాడు, కొత్త కుండను తట్టేవాడు. కాబోయే అల్లుణ్ణి మొదటిసారి కలిసినప్పుడు వీపు మీద తట్టి, ఇంటికొచ్చి, "గట్టిగనే పలికిండు," అన్నాడు.

ఇంకో అలవాటు ఫ్యూజుది. ఏ యంత్రం మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు ఫ్యూజు ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. "ప్లగ్గు ఎవడన్న పెడ్తడు. స్విచ్చి ఎవడన్న ఏస్తడు. నా జేబుల చెయ్యి ఎవడు పెడ్తడు?" అనేవాడు. ఇంట్లో వంటింటి ప్లగ్గు ఒక్కదానికే విడిగా తెల్ల పింగాణీ ఫ్యూజు పెట్టుకున్నది కూడా అందుకే.

సుమైరా ఇంకా చంకలో ఉన్న రోజుల్లో ఒకసారి, రెండో షిఫ్టుకు ముందు ఫ్రిజ్ బాగుచేసి, వేళయిందని అట్లాగే డ్యూటీకి ఉరికాడు. ఫ్యూజు జేబులోనే పోయింది. ఫక్రున్నీసా బుర్ఖా వేసుకుని, పిల్లను ఎత్తుకుని, ఎండలో బాయి గేటు దాకా నడిచింది. అప్పటికే ఆయన దిగిపోయాడు. టోపీలైట్లు ఇచ్చే గది దగ్గర కొమురెల్లి అనే ఆయన సంగతంతా శ్రద్ధగా విని, పెద్దమనిషిలా తలాడించి, వెనక్కి తిరిగి ఒక్క కేక పెట్టాడు. "గులాం భాయ్ ఇంటి కరెంటు జేబుల ఏస్కొని బాయిల దిగిండట్రో!"

రిటైరయ్యే దాకా ఆ మాట ఆయనతో పాటు ప్రతి షిఫ్టుకూ దిగింది. "అన్నా, కరెంటు ఇంట్ల ఇచ్చినవా, ఎంట తెచ్చినవా?"

ఆ మర్నాటి నుంచి ఫక్రున్నీసా గడప దగ్గర ఆయన జేబు తడమనిదే పంపేది కాదు. మొదటి రోజు కోపంతో తడిమింది. తర్వాత అలవాటుగా తడిమింది. ఆ తర్వాత అది ఏమిటో ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆయన సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, ఆమె చెయ్యి వచ్చేదాకా కదలకుండా నిలబడేవాడు. నిరుడు ఆటోలో దవాఖానకు పోతూ, ఆయాసపడుతూనే, ఆమె చెయ్యి తీసి తన జేబు మీద పెట్టుకున్నాడు.

"చూస్కో," అన్నాడు. "ఏం తీస్కపోతలే."

*

బ్లాస్టింగు కదలిక సద్దుమణిగాక ఫక్రున్నీసా లేచి ఫ్రిజ్‌కు ప్లగ్గు పెట్టింది. పక్కకు చెవి ఆనించింది. మ్మ్... అని మూలిగింది, లోపల ఎవరో బరువెత్తబోయి వదిలేసినట్టు. తర్వాత ట్టక్‌మంది. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ మూలుగు. మళ్లీ ట్టక్.

లెవ్వనీకి చూస్తుంది.

ప్లగ్గు తీసింది. స్టూలెక్కి వంటింటి ఫ్యూజు ఊడదీసింది. చీరకు జేబు లేదు గనక దాన్ని కొంగు చివర ముడేసి నడుముకు దోపుకుంది. ఫ్రిజ్‌ను ఒక్కో కాలూ జరుపుతూ గోడ నుంచి ఇవతలికి తెచ్చి, దాని వెనక నేల మీద పక్కకు పడుకుంది.

అక్కడ చల్లగా ఉంది. బూజు, దుమ్ము, ఎప్పటిదో సుమైరా ఎర్ర గాజు ముక్క. ఇన్నేళ్లలో ఆమె ఇటువైపు ఎన్నడూ పడుకోలేదు. తను నిలబడే చోటు ఇక్కడినుంచి ఎట్లా కనిపిస్తుందో తెలియదు. తల తిప్పి చూసింది. కిటికీలోంచి వచ్చే ఎండ సరిగ్గా ఆ చోట నిలబడి ఉంది, మనిషంత ఎత్తున, కళ్లు చెదిరేట్టు. ఆయనకు తన ముఖం ఎన్నడూ కనిపించి ఉండదు. ముప్పై ఏళ్లూ తను ఆయనకు ఇట్లా ఒక వెలుతురుగా కనిపించి ఉంటుంది. ఆ వెలుతురు వంక చూస్తూ ఎంతసేపు పడుకుందో, కాసేపు కన్ను కూడా అంటిందో ఏమో, లేచేసరికి ఎండ నేల మీద ఒక బండ దూరం జరిగింది.

అడుగున నల్లటి కంప్రెసర్, ఆయన మోటర్ అనేది దాన్నే. దాని పక్కన చిన్న ప్లాస్టిక్ మూత. మూతను పట్టి ఉంచే తీగ క్లిప్పు. ఆయన వేళ్లు ఎటునుంచి ఎటు పోయేవో ఆమె కళ్లకు తెలుసు. చేతులకు తెలియదు. కళ్లు చెప్తుంటే చేతులు మెల్లగా నేర్చుకున్నాయి. ఏ తీగ ఎక్కడిదో మరిచిపోకుండా ఆయన దారం కట్టేవాడు. ఆమె కుట్టుపెట్టెలోని ఎర్రదారం కట్టింది. అగ్గిపెట్టెంత రిలే ఊడి చేతికొచ్చింది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

లోపల విరిగిన పలుకేదో గలగలమంది. డొల్ల.

ఎండ కాస్త తగ్గాక బుర్ఖా వేసుకుని చౌరస్తాకు పోయింది. ఫ్రిజ్ సామాన్లమ్మే రఘుపతి ఆమె అరచేతిలోని ముక్కను చూసి, "మెకానిక్‌ను పంపియ్ అమ్మా. ఏది దేనికి పడ్తదో నీకెట్ల తెలుస్తది?" అన్నాడు.

"పాతది తెచ్చిన గద. గిసొంటిదే ఇయ్యి."

అతను రెంటి మీదా ఉన్న అక్షరాలు పోల్చి చూసి కొత్తది ఇచ్చాడు. ఆమె దాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"ఏందమ్మా, కోడిగుడ్డు చూస్తున్నవా?"

"ఇది మాట్లాడొద్దు బేటా. మాట్లాడిందంటే పోయినట్టే."

అది మాట్లాడలేదు.

*

మల్లక్క గోడ అవతలినుంచి వచ్చేసరికి ఫ్రిజ్ వెనకనుంచి రెండు కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఓ బీబీ! పానం మంచిగనే ఉన్నదా? గట్ల పడుకున్నవేంది?"

"మంచిగనే ఉన్న. వచ్చినవు గద, బత్తీ పట్టు."

"నేనా? ఓయమ్మ, నాకు షాక్ కొడ్తే మా ముసలోనికి ఎవలు వండాలె?"

"ప్లగ్గు తీసే ఉన్నది. పట్టు మల్లక్కా."

మల్లక్క ఫోనులో లైటు వెలిగించి వంగింది. చెయ్యి పట్టుకుంది గాని నోరు పట్టుకోలేదు. "రేపు డబల్ డోరుది వస్తుందంటే గీ తుప్పుదాన్ని పట్టుకొని ఏలాడుతున్నవ్. నా బిడ్డ గూడ ఉన్నది, ఫ్రిజ్ అంటే ఫ్రిజ్ బొమ్మ పంపుతది ఫోన్ల..."

"సీదా! ఎటు చూస్తున్నవ్?"

అన్నాక గాని ఆ గదమాయింపు ఎవరిదో ఫక్రున్నీసాకు తెలియలేదు. మల్లక్కకూ తెలిసింది. వెలుతురును సరిగ్గా రిలే మీదికి తెచ్చి అట్లాగే నిలబడింది.

ఎర్రదారాల గుర్తున తీగలు ఎక్కించి, మూత పెట్టి, క్లిప్పు బిగించి, ఫక్రున్నీసా లేచి చీర దులుపుకుంది. బిస్మిల్లా అనుకుని ప్లగ్గు పెట్టింది. చెవి ఆనించింది.

ఏమీ లేదు.

ఇంకోసారి తీసి పెట్టింది. ఏమీ లేదు. మూలుగు కూడా లేదు. ట్టక్ కూడా లేదు. తల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది, కరెంటు పోలేదు. మధ్యాహ్నం దాకా లేవాలని చూసినది ఇప్పుడు ఆ చూడటం కూడా మానేసింది. మోటర్ సచ్చిపోతే సప్పుడే చెయ్యదు.

"నేనే సంపిన మల్లక్కా," అంది.

"ఏ, ఊకో. దానికి ఆయువు తీరింది. నువ్వేం జేస్తవ్?"

ఫక్రున్నీసా గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కిటికీలో ఎండ ఎర్రబడింది. రేపు పదింటికి ఇద్దరు మనుషులు వచ్చి దీన్ని చెరో పక్కా పట్టుకుంటారు. గడప దాటేటప్పుడు ఒకసారి ఆపమంటే ఆపుతారా? ఆపి ఏం తడమాలి? కళ్లు తుడుచుకుందామని నడుములో దోపిన కొంగు లాగి ముఖం మీదికి ఎత్తింది.

చెంప ఎముక మీద టక్కున గట్టిదేదో తగిలింది.

చాలాసేపు ఆమె కొంగు ముఖం మీదనుంచి తియ్యలేదు. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని మల్లక్క దగ్గరికొచ్చి కూర్చుంది. కొంగు తీసి చూస్తే నవ్వుతోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వుతోంది. ముడి విప్పి తెల్లటి పింగాణీ ముక్కను అరచేతిలో పెట్టి చూపించింది.

"ఇంటి కరెంటు కొంగున కట్టుకొని చౌరస్తా దాక పోయొచ్చిన."

మల్లక్కకు ఒక క్షణం పట్టింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు. "మొగనికి తగిన పెండ్లానివే బీబీ! కొమురెల్లి బావకు చెప్పాలె. రేపు పొద్దుగూకేలోగ ఖని మొత్తం తెలుస్తది."

"చెప్పుపో," అంటూ ఫక్రున్నీసా స్టూలెక్కింది. ఫ్యూజు తన చోట తాను కూర్చుంది.

ఫ్రిజ్ మూలగలేదు. లేచింది. ఒక్క కుదుపు, ఆ తర్వాత గురగురమంటూ ఆ పాత చప్పుడు, ఎటో పోయి వచ్చి ఏమీ ఎరగనట్టు పనిలో పడ్డ మనిషిలా. మల్లక్క సీసాలు ఒక్కొక్కటే అందిస్తే ఫక్రున్నీసా తలుపులో సర్దింది. సర్దుతూ ఒకదాన్నొకటి ముట్టుకునేంత దగ్గరగా పెట్టింది, రేపటి బ్లాస్టింగుకు పలికేట్టు.

మల్లక్క పోయాక సుమైరాకు ఫోను కలిపి, ఏమీ చెప్పకుండా, ఫోనును ఫ్రిజ్ పక్కకు ఆనించి పట్టుకుంది. అవతల కరీంనగర్‌లో ఎవరి పిల్లలో అరుస్తున్నారు, కుక్కర్ కూత వేస్తోంది. సుమైరా "అమ్మీ? అమ్మీ?" అంది. అంతలో ఆ గురగుర చెవిన పడ్డట్టుంది. ఏదో తలుపు మూసిన చప్పుడు వినిపించింది. అవతల అంతా నిశ్శబ్దమైంది.

"రేపటోళ్లకు వద్దని చెప్త," అంది సుమైరా. మళ్లీ, "ఫోను తియ్యకు అమ్మీ. జర గట్లనే పట్టుకో," అంది.

ఫక్రున్నీసా చెయ్యి కదలకుండా, సీదాగా పట్టుకుంది.