అమ్మ దాటిన తుంగభద్ర

కర్నూలుకు ఎగువన తుంగభద్ర నడుమ ఒక చిన్న దిబ్బ ఉండేది. దాని మీద నవాబుల కాలపు బురుజు ఒకటి సగం కూలి నిలబడి ఉండేది. బురుజు నీడలో నున్నటి బండ. వెనకటికి ఒక బేగం ఎండాకాలం గాలి మార్పుకు వచ్చి ఆ బండ మీదే కూర్చునేదని చెప్పుకునేవారు. మా అమ్మ మేనమామ, నాకు తాత వరస, ఆ దిబ్బ మీద దోసపాదులు పెట్టుకుని ఒంటరిగా బతికేవాడు. వెదురు అల్లి తోలు కప్పిన ఆయన గుండ్రటి పుట్టి ఎక్కితేనే దిబ్బకు దారి.

తల్లి లేని అమ్మను సాకింది ఆయనే. పెళ్లయ్యాక మాత్రం అమ్మ ఆ దిక్కుకే పోలేదు. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్లో కోడి కూయకముందే ఆమె తిరగలి మొదలయ్యేది. ఏటేటా తాత దగ్గరికి పోతానని అడగడం, ఏటేటా మా జేజి, అంటే నాయన తల్లి, ఒకే మాట చెప్పడం: కడుపుతో ఉన్న మనిషి ఏరు దాటరాదు. కడుపుతో లేని ఏడు ఉంటే గదా! కడుపులో ఒకరు లేకపోతే చంకలో ఒకరు ఉండేవాళ్లం.

జర్మనీ యుద్ధం రోజుల్లో అమ్మకు చలిజ్వరం పట్టుకుని వదల్లేదు. తిరగలి దగ్గర నుంచి కొన్నాళ్లు తప్పించకపోతే మనిషి దక్కదని వైద్యుడు చెప్పాడు. జొన్నకోతల లోపల తిరిగి రావాలని నాయన ఒప్పుకున్నాడు. తమ్ముళ్లను మేనత్తకు అప్పగించి, నన్ను, కాపలాకు జేజిని వెంటబెట్టుకుని అమ్మ బయలుదేరింది. నంద్యాల దాకా బండి, అక్కడి నుంచి డోన్ మీదుగా రైలు, ఆఖరికి పుట్టి.

మొదటి రోజు అమ్మ అలవాటుగా చీపురు పట్టుకుంటే తాత లాగేసుకున్నాడు. ఆయనే జొన్నరొట్టెలు తట్టి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి నూరి, అమ్మను కూర్చోబెట్టి వడ్డించాడు. రొట్టెలు మందంగా, అంచులు మాడి ఉండేవి. అమ్మ వాటిని పండగ భోజనంలా తినేది. తిని బండ మీద పడుకుని పట్టపగలు నిద్రపోయేది. బేగం సాహెబుకు ఇంకా తెల్లారలేదా అని జేజి దెప్పేది. అమ్మ నొచ్చుకోకుండా నవ్వేది. నవ్వితే ఆమె ఎడమ బుగ్గన సొట్ట పడుతుందని నేను చూసింది అక్కడే.

కొన్నాళ్లకు ఒక పొద్దున అమ్మ రొట్టె వాసనకే వాంతి చేసుకుంది. మర్నాడూ అంతే. జేజికి ఒకరు చెప్పాలా! తెలియక కడుపుతో ఉన్నదాన్ని ఏరు దాటించానని తల పట్టుకుని కూర్చుంది, గంగమ్మకు ముడుపు కట్టింది. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"కడుపుతో ఏరు దాటరాదని నువ్వే చెప్తివి గదత్తా. అయితే ఈడనే ఉంటా. కాన్పయినంక వస్తా."

అమ్మ అత్తకు ఎదురు మాట్లాడటం నేను వినడం అదే మొదలు. అవసరమైతే అవతలి గట్టు నుంచి మంత్రసానిని తెస్తానని తాత అన్నాడు. జేజి నియమం జేజికే అడ్డం తిరిగింది. గెలిచామనే నేను అనుకున్నాను. వానలు పడేదాకా అమ్మ ఆ బండ మీద నిద్రపోతుందని సంబరపడ్డాను.

ఇంతలో నాయన వచ్చాడు. కోతలు మొదలయ్యాయి, కూలీలకు సంగటి కెలికే దిక్కు లేదన్నాడు. సంగతంతా విని జేజి వైపు చూశాడు. జేజి కాసేపు ఏటి వైపు చూసి తీర్పు చెప్పింది.

"పుట్టిలో పోతే కాలు తడవదు. కాలు తడవకుంటే ఏరు దాటినట్ల కాదులేప్పా."

ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. అదే పుట్టి, అదే ఏరు. అన్నేళ్లు అమ్మ అడిగినప్పుడు ఈ ఉపాయం ఎవరికీ తోచలేదు. రావడానికి అడ్డమైన ఏరు, పోవడానికి అడ్డం కాలేదు. తాత పుట్టి తాడు విప్పాడు. అమ్మ మూట కట్టుకుంది.

గట్టు దగ్గర తాత పుట్టిని పొడి ఇసుక మీదికి లాగాడు. అందరం దిగాం. అమ్మ మాత్రం వెనక్కి తిరిగి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, మోకాళ్ల దాకా నీళ్లలోకి నడిచి నిలబడింది. జేజి చూసి ముఖం తిప్పుకుంది. పొద్దుపోతోందని నాయన స్టేషనుకు పోయే బండి దగ్గర నుంచి పిలిచాడు. అమ్మ తడి కాళ్లతోనే వచ్చి బండెక్కింది.

ఆ కాన్పు తర్వాత ఇంకా కాన్పులు, తర్వాత కోడళ్లు, వాళ్ల కాన్పులు. తాత పోయాడు. ఒక వరదకు దిబ్బ కోసుకుపోయి బురుజు పునాది మాత్రం మిగిలిందని విన్నాం. అమ్మ మళ్లీ ఆ ఏరు చూడలేదు. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని, ఆ రోజు నీళ్లలోకి ఎందుకు దిగావని అడిగాను.

"కాలు తడిస్తే ఏరు దాటినట్లే గదా. దడుచుకొనైనా నన్ను మళ్లా దిబ్బకే తోలుకపోతారనుకుంటి పాపా," అంది అమ్మ.