కార్డు మీది పేరు

ఖతార్‌లోని లుసైల్‌లో డ్యూటీ దిగి, నడుము విరిగినట్టయి కూలీల క్యాంప్ బస్సులో కూలబడ్డాను. కారు చెడిపోయిన ఒక స్కాట్లాండ్ ఇంజినీరు నా పక్క సీట్లోకి ఒరిగాడు. అతని హెల్మెట్ మీద మెక్‌ఇంటైర్ అని ఉంది.

"మా ఇంటిపేరు. వడ్రంగి కొడుకని అర్థం," అన్నాడు వచ్చీరాని హిందీలో. "మా కొండల్లో బతకలేక ఈ పేరు ఓడలెక్కి కెనడా, ఆస్ట్రేలియా దాకా పోయింది. నాకు మాత్రం మేకు కొట్టడం కూడా రాదు."

"మేమూ వడ్రంగులమే సార్, ఇంటిపేరు వడ్ల. మా ముత్తాత చేసిన రథం గుర్రాల్లేకుండనే ఉరికింది," అని అలవాటు కొద్దీ కోతలు కోశాను. అలసటలోనే నవ్వాడు.

తర్వాత నా మెడలోని కంపెనీ కార్డు చూశాడు. దాని మీద వడ్ల అని మాత్రమే ఉంది. మావాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం. కంపెనీ దాన్నే నా పేరనుకుంది. పన్నెండేళ్లుగా ఫోర్‌మన్ నుంచి వంటవాడి దాకా అందరికీ నేను వడ్లనే.

"ఇది ఇంటిపేరు కదా! మరి నీ పేరు?"

కార్డు చేత్తో మూసి చెప్పాను. "రాజేశం, సార్."

దిగుతూ భుజం తట్టి, "వెళ్లొస్తా రాజేశం," అన్నాడు.

ఈ ముచ్చట క్యాంపులో ఎన్ని రంగులద్ది చెప్పానో! ఒక్క సంగతి మాత్రం దాచాను. ఆయన అసలు పేరేమిటో నేను అడగనే లేదు.