గిన్నెలక్క గద్దె

2023 చివర్లో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను మడికొండ ఐటీ పార్కులో, ఆన్‌లైన్ ఆట ఒకటి నడిపే కంపెనీలో 'ప్లేయర్ సేఫ్టీ' విభాగంలో చేరి నాలుగేళ్లయింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మాది నెక్కొండ. పొద్దున్నే రైలెక్కి వరంగల్‌లో దిగి, అక్కణ్నుంచి బస్సు పట్టుకుని ఆఫీసుకు పోతాను. నా ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ "ఆటల దొంగలను పట్టుకుంటది" అని చెబుతుంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఆట పేరు రాస్తే కంపెనీ ఒప్పుకోదు కనుక ఎలా ఉంటుందో చెబుతాను. సముద్రం, అందులో వందల దీవులు. చంపడాలు, కాల్చడాలు లేవు. కొత్త దీవులు వెతుక్కుంటూ పోవడమే ఆట. అయితే ఏ పడవైనా ఇద్దరు తెడ్డు వేస్తేనే కదులుతుంది, ఒంటరిగా ఎవరూ ఎక్కడికీ పోలేరు. పిల్లలు కూడా ఆడతారు కాబట్టి మాటలు టైపు చేసే వీలు పెట్టలేదు. చెయ్యి ఊపడం, దండం పెట్టడం, చప్పట్లు కొట్టడం, వేలితో చూపించడం, తల అడ్డంగా ఊపడం, అంతే. అవతలి మనిషి అసలు పేరు, ఊరు, ఫోన్ నంబరు ఏవీ తెలియవు. ఆటలో కట్టుకున్న స్నేహం ఆటలోనే ఉంటుంది. ఖాతా పోతే స్నేహమూ పోయినట్టే.

ఆ ఖాతాలు తీసేసే అధికారం నా చేతిలో ఉండేది. దాన్ని బ్యాన్ అంటాం. నాలుగేళ్లలో నేను చేసిన బ్యాన్ ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ సంగతి కొత్తగా చేరినవాళ్లకు వాళ్లు అడగకపోయినా చెప్పేదాన్ని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మనిషిని నేను. పనిలో అది చాలాసార్లు పనికొచ్చింది కూడా.

ఒకరోజు 'గిన్నెలక్క' అనే ఖాతా నా ముందుకొచ్చింది. దాని లాగ్ తెరిచాను. లాగ్ అంటే ఆడేవాళ్లు ఎప్పుడొచ్చారు, ఎక్కడ నిలబడ్డారు, తెర మీద వేలు ఎంత వేగంగా కదిలింది, అన్నీ నమోదయ్యే చిట్టా. ఈ గిన్నెలక్క రోజూ పొద్దున పదిన్నరకు వచ్చి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. దీవులు తిరగదు. మొదటి రేవులో ఒక రాతి అరుగుంది, దాని మీద కూర్చుని ఉంటుంది. ఎప్పుడో ఒకసారి లేచి పడవెక్కి, తిరిగొచ్చి మళ్లీ అదే అరుగు మీద కూర్చుంటుంది. వేళ్ల కదలిక చూస్తే ఒకరిది కాదు. ఒకరు నెమ్మది, ఒకరు మహా చురుకు. మూడో మనిషి రేవు ముందున్న బండకు ప్రతిసారీ పడవను గుద్దుతాడు.

ఒకే ఖాతాను కొందరు వంతులవారీగా ఆడి, పెంచి, అమ్ముకోవడం మా రంగంలో మామూలు మోసం. ఒక ఖాతా ఒక మనిషిదే అయ్యుండాలన్నది మా మొదటి నియమం. నాలుగు నిమిషాల్లో బ్యాన్ నొక్కి టీ తాగడానికి వెళ్లాను. ఆ వేళలు దుకాణం వేళలని, హన్మకొండ బజార్లలో ఇన్నేళ్లు తిరిగినదాన్ని, నాకు తట్టనే లేదు.

బ్యాన్ అయినవాళ్లకు పదిహేను రోజుల గడువుంటుంది. ఆలోపు మెయిల్లో అప్పీలు చేసుకోవాలి, లేకపోతే ఖాతా పూర్తిగా చెరిగిపోతుంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం కింద గేటు నుంచి ఫోనొచ్చింది. "మేడం, ఎవరో ఆడవాళ్లు వచ్చిండ్రు. ఆటల గిన్నెలక్కను ఆపినోళ్లను పిలువుమంటుండ్రు."

మా ఆటను ఎన్నో దేశాలవాళ్లు ఆడతారు. ఆటగాడనేవాడు ఆఫీసు మెట్లెక్కి రావడం అదే మొదటిసారి.

రిసెప్షన్‌లో ఇద్దరు కూర్చుని ఉన్నారు. యాభై దాటిన ఒకావిడ, పక్కన ఫోన్ పట్టుకుని ఆమె కోడలు. పెద్దావిడ పేరు రాజ్యలక్ష్మి. హన్మకొండ బజార్లో స్టీలు సామాన్ల దుకాణం వాళ్లది. కోడలు కావ్య మెయిల్ పెడదామంటే, ఈవిడ వినకుండా, బ్యాన్ చేశామని కంపెనీ పంపిన మెయిల్లో ఉన్న అడ్రసు చూసి ఆటో ఎక్కించుకొచ్చిందట.

"నువ్వేనా బిడ్డా, మా గిన్నెలక్కను ఆపింది?"

"నేనేనమ్మా. ఒకే ఖాతాను ముగ్గురు ఆడుతున్నారు. అది రూల్ ప్రకారం..."

"రూల్ సంగతి తర్వాత మాట్లాడుకుందం. ముందుగాల మా పిల్ల వస్తాందా లేదా సూసి చెప్పు."

"ఏ పిల్లమ్మా?"

"నీలి టోపీది. తొమ్మిది దినాలాయె. మాకు కనిపిస్తలేదు గద."

కావ్య అందుకుని చెప్పింది. ఆటలో 'నీలి తూనీగ' అని ఒక స్నేహితురాలుందట. పిల్లో, పెద్దో, ఆడో, మగో వీళ్లకు తెలియదు. నీలి టోపీ పెట్టుకుంటుంది కాబట్టి పిల్ల అంటున్నారు. ఆరు నెలల కింద ఎవరో ఇద్దరు ఆకతాయిలు ఆ పిల్లను పడవెక్కించుకుని, దూరపు దీవి మీద దించేసి పోయారు. ఒంటరిగా తిరిగి రాలేక అక్కడే కూర్చుండిపోతే, ఇంకెవరితోనో పడవలో అటుపోయిన గిన్నెలక్క చూసి రేవుకు తీసుకొచ్చింది. అప్పటినుంచి నీలి తూనీగ ఇంకెవరితోనూ పడవెక్కదు. ఏ వేళకొస్తుందో తెలియదు. వచ్చినా పది నిమిషాలే. అరుగు మీద గిన్నెలక్క లేకపోతే తిరిగి వెళ్లిపోతుంది.

"అందుకని వంతులు పెట్టుకున్నారా?" అన్నాను.

"వంతులేంది బిడ్డా. దుకాన్ల గద్దె ఖాళీ పెడ్తమా?" అన్నారు రాజ్యలక్ష్మి గారు, నాకు లోకజ్ఞానం లేనట్టు చూస్తూ. "నేను తిననీకి పోతే మా ఆయన కూసుంటడు. ఆయన బ్యాంకుకు పోతే కావ్య కూసుంటది. మా మామ నేర్పిన పద్ధతి. వచ్చినోళ్లకు మనిషి కనవడాలె. ఖాళీ గద్దె జూసి పోయినోళ్లు మళ్ల రారు. గా అరుగు గూడ మాకు గద్దెనే."

నా పాఠం నేను చెప్పాను. ఉద్దేశం మంచిదైనా నియమం నియమమే, నా చేతిలో ఏం లేదు అన్నాను. ఏడుస్తుందనో, అరుస్తుందనో అనుకున్నాను. ఆవిడ రెండూ చెయ్యలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని నెమ్మదిగా అంది.

"సరే. గిన్నెలక్కను తీసెయ్యున్రి, నాకు ఫికర్ లేదు. గని ఆ పిల్లకు ఒక్క ముచ్చట చెప్పే తొవ్వ సూపెట్టు. మేం ఇడిసిపెట్టి పోలేదని."

అలాంటి దారి లేదు. పేరు తెలియదు, మాట పంపడానికి లేదు. కొత్త ఖాతాతో వెళ్తే కొత్త మనిషే, ఆ పిల్ల నమ్మదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆ నిబంధనల్లో సగం రాసింది నేనే.

పైకెళ్లి నీలి తూనీగ లాగ్ తెరిచాను. అది ఎవరో, ఎక్కడినుంచి ఆడుతున్నారో, ఎందుకు పది నిమిషాలే ఉంటారో నాకు తెలిసింది. రాజ్యలక్ష్మి గారికి చెప్పలేదు, మీకూ చెప్పను. చెప్పదగ్గది ఒకటే. గత తొమ్మిది రోజుల్లో ఒక్కరోజు కూడా తప్పకుండా ఆ ఖాతా రేవుకు వచ్చింది. అరుగు పక్కన నిలబడింది, దాని మీద కూర్చోలేదు. ఆరో రోజు ఎవరో ఇద్దరు పడవ చూపించి పిలిస్తే తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. అది చూసి నాకు సిగ్గేసింది. నాలుగు నిమిషాల్లో తేల్చేసిన కేసు.

టీమ్ లీడ్ ప్రవీణ్ హైదరాబాద్‌లో ఉంటాడు. వెంటనే వీడియో కాల్ చేసి అంతా చెప్పాను.

"నువ్వు చేసిన బ్యాన్ నువ్వే తియ్యమంటున్నావా?" అన్నాడు. నా గొప్పలు అతనూ విన్నవాడే.

"అవును. తప్పు నాదని రాసిస్తాను."

"రాసివ్వడం కాదు సరితా. ఇంకోటి చెప్పు. ఆ నీలి తూనీగ తన స్నేహితురాలు ఒక్కరే అనుకుంటోంది. ఇటు చూస్తే ముగ్గురు. చెప్పకుండా మనిషి మారడం మోసం కాదా? మన రూల్ ఉన్నదే అందుకు కదా?"

కిందికెళ్లి ఆ ప్రశ్నే రాజ్యలక్ష్మి గారిని అడిగాను. ఆవిడ కోడలివైపు చూసింది.

"అది తప్పే బిడ్డా," అంది. "దుకాన్ల గద్దె మీద ఎవలు కూసున్నరో వచ్చినోళ్లకు కనవడ్తది. ఈడ కనవడదు. గది నాకు తట్టలే."

ఆ జవాబుతోనే కేసు తేలింది. ఆవిడ వాదించి ఉంటే నేను ఏం చేసేదాన్నో తెలియదు. ఆ మాట చెబితే ప్రవీణ్ రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. గిన్నెలక్క ఖాతా రాజ్యలక్ష్మి గారొక్కరిదే, మిగతా ఇద్దరూ సొంత ఖాతాలు తెరవాలి. ఇన్నాళ్లూ తోడొచ్చింది ముగ్గురని నీలి తూనీగకు తెలియజెయ్యాలి. ఆ పిల్ల కాదని వెళ్లిపోతే అది ఆ పిల్ల ఇష్టం.

మాటల్లేని ఆటలో ముగ్గురమని ఎలా చెప్పడం? శనివారం నాకు సెలవు. హన్మకొండలో వాళ్ల దుకాణానికి వెళ్లాను. బిందెలు, టిఫిన్ డబ్బాల మధ్య నాకొక స్టూలు వేశారు. రాజ్యలక్ష్మి గారి భర్త విశ్వనాథం గారు కొత్త ఖాతా తెరిచి, చేతిలో ఫోన్‌ను తక్కెడలా పట్టుకుని కూర్చున్నారు. కొత్తవాళ్లందరికీ ఆటలో బూడిద రంగు టోపీ వస్తుంది. ఆయనకూ, కావ్యకూ అవే టోపీలు.

పన్నెండున్నరకు నీలి టోపీ రేవులోకి వచ్చింది. అరుగు మీద గిన్నెలక్కను చూసి అక్కడే ఆగిపోయింది. రాజ్యలక్ష్మి గారు ఎప్పటిలాగే మూడుసార్లు దండం పెట్టారు. నీలి టోపీ పరుగెత్తుకొచ్చింది.

అప్పుడు బూడిద టోపీలు రెండూ దగ్గరికొచ్చాయి. నీలి టోపీ వెంటనే నాలుగడుగులు వెనక్కి వేసింది.

"భయపడ్తాంది అత్తమ్మా," అంది కావ్య.

"మీ మామను పడవ ఎక్కుమను. నేను గూడ ఎక్కుతా," అన్నారు రాజ్యలక్ష్మి గారు.

ఇద్దరూ పడవెక్కి తెడ్లు వేశారు. పడవ నడిపేది విశ్వనాథం గారు. రేవు దాటుతుండగానే ఎదురుగా ఉన్న బండకు పడవ ఠపీమని తగిలింది.

"ఇయ్యాలన్న తప్పిస్తననుకున్న," అన్నారాయన దిగులుగా.

నీలి టోపీ కదల్లేదు. పడవ వంక, బూడిద టోపీ వంక చూస్తూ నిలబడింది. తర్వాత చప్పట్లు కొట్టింది. ఆగి, మళ్లీ కొట్టింది. ఆరు నెలలుగా ఆ బండకు తగిలినప్పుడల్లా ఆ పడవలో ఎదురుగా కూర్చున్నది తనే కదా. కావ్య తన వంతుకు పడవను అలవాటు ప్రకారం రెండు చుట్లు గిర్రున తిప్పితే దానికీ చప్పట్లు పడ్డాయి. చివరికి ఆ పిల్ల వేలితో ఒక్కొక్కరినే చూపించింది. ఒకటి, రెండు, మూడు. మూడుసార్లు దండం పెట్టింది. రాజ్యలక్ష్మి గారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టుకున్నారు. నాకూ కళ్లు తడిశాయి, చెప్పుకోవడానికి నామోషీ ఏం లేదు.

తర్వాత కొన్నాళ్లకు మేడారం జాతర వచ్చింది. రాజ్యలక్ష్మి గారి కుటుంబం దుకాణం మూసి జాతరకు బయల్దేరింది. ఆ జనంలో సిగ్నల్ దొరికే మాట లేదు. రెండో రోజు పొద్దున నా ముందుకు ఒక హెచ్చరిక వచ్చింది. 'బాట్ అనుమానం' అని. బాట్ అంటే మనిషి లేకుండా ఆటను తనే ఆడే ప్రోగ్రాం. ఒక ఖాతా రెండు గంటలుగా కదలకుండా ఒకేచోట ఉందట. ఖాతా పేరు నీలి తూనీగ.

ఈసారి నాలుగు నిమిషాల్లో తేల్చలేదు. ఆటలోకి వెళ్లి చూశాను. ఎప్పుడూ పది నిమిషాలు దాటని ఆ పిల్ల అరుగు మీద కూర్చుని ఉంది. కాసేపటికి బూడిద టోపీలతో ఎవరో కొత్తవాళ్లు వచ్చి, ఎటు పోవాలో తెలియక రేవులో తచ్చాడసాగారు. నీలి టోపీ లేచింది. మూడుసార్లు దండం పెట్టింది. వాళ్లను పడవెక్కించుకుని మొదటి దీవి చూపించి, తిరిగి తీసుకొచ్చి దించింది. వచ్చి మళ్లీ అరుగు మీద కూర్చుంది. నా తెర మీద రెండు బటన్లున్నాయి, 'బాట్', 'మనిషి' అని. నేను 'మనిషి' నొక్కాను.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నా రికార్డు గురించి చెప్పడం లేదు. ఈ కేసు చెబుతాను. ఒక ఖాతాను ఎన్ని చేతులు ఆడుతున్నాయో లాగ్ చూపిస్తుంది. ఆ చేతులు ఎవరికోసం ఎదురుచూస్తున్నాయో అది చూపించదు, మనమే వెళ్లి అడగాలి అంటాను. నేను అడగలేదు, ఆటో ఎక్కి ఆవిడే వచ్చి చెప్పింది అని కూడా అంటాను.

జాతర నుంచి వచ్చాక రాజ్యలక్ష్మి గారు ఫోన్ చేశారు. బంగారం, అంటే అమ్మవారి బెల్లం, నాకు పక్కన తీసిపెట్టానని చెప్పి, ఆ తర్వాత అన్నారు.

"మూడు దినాలు గద్దె ఖాళీ పోయింది బిడ్డా. ఆ పిల్ల వచ్చి సూసుకున్నదో ఏమో."

ఒకరి లాగ్ ఇంకొకరికి చెప్పకూడదు. ఆ నియమం రాసింది కూడా నేనే.

"ఖాళీగా లేదమ్మా," అన్నాను.