అరుగు దిగని పరిశోధన

అరవైల మొదట్లో, డాక్టరు పరీక్ష పాసైన కొత్తలో, నోటి క్యాన్సర్ మీద పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పిస్తానని మా ప్రొఫెసరుగారు నన్నూ, నా తోటి కుర్ర డాక్టరునూ నూజివీడు తీసుకొచ్చారు. ఆ పరిశోధనకి మామిడిపళ్ళ కాలమే అనుకూలమని ఆయన ఎలా తేల్చారో మాకు చెప్పలేదు. జీపులో మైక్రోస్కోపు లేదు గానీ ఖాళీ గంపలు మాత్రం ఉన్నాయి. నాది ఆ ఊరే. మా నాన్నకి బజార్లో కొట్టు ఉండేది. నన్ను ఏరుకున్నది నా తెలివి చూసి కాదని మొదటి రోజే తెలిసిపోయింది. ఏ తోటలో రసాలు బాగుంటాయన్నది ఆయన నన్నడిగిన మొదటి శాస్త్రీయ ప్రశ్న.

ఇక మా శిక్షణ. టార్చిలైటు ఏ పక్కనుంచి పట్టుకోవాలి, ఆయన మాట్లాడుతుంటే తల ఎంతమేరకు ఊపాలి, ఆయన జోకు ఎక్కడ అయిపోయిందో ఎలా కనిపెట్టాలి, ఇవన్నీ దగ్గరుండి నేర్పారు. నా తోటివాడు అన్నిట్లోనూ ఫస్టు క్లాసు. సిద్ధాంతం మాత్రం ఆయన ఇంటి దగ్గర జీపెక్కక ముందే తయారైపోయింది. మగవాళ్ళ నోట్లో పుండు కనిపిస్తే చుట్ట, ఆడవాళ్ళ నోట్లో కనిపిస్తే ఆవకాయ. చుట్ట పుండు ప్రమాదం, ఆవకాయ పుండు దానంతటదే మానుతుంది. దీనికి సరిపడా మనుషుల్ని వెతికిపెట్టడమే మా పని.

చాట్రాయి వైపు పల్లెల్లో పెద్ద రైతుల ఇళ్ళ అరుగుల మీద ఆయనకి కుర్చీ వేసేవారు. ప్రశ్నలన్నీ ఇంటి యజమానికే. మీకు చుట్ట అలవాటుందా అంటే ఉందండీ అనేవాడు. మీ ఆవిడకో అంటే, "అబ్బే, మా ఇళ్ళల్లో ఆడాళ్ళకి అట్టాంటివి లేవండీ" అనేవాడు. ప్రొఫెసరుగారు 'లేదు' అని రాయించేవారు. ఆ తర్వాత ఆ ఇంటావిడ వచ్చి, భర్త పక్కన నిలబడి, కొంగు అడ్డం పెట్టుకుని నోరు ఒకసారి తెరిచి మూసేది.

మా వైపు అడ్డపొగ అని ఒకటుంది. చుట్ట నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని పెదాలు మూసి పీలుస్తారు. ఆడవాళ్ళు పెరట్లో పని చేసుకుంటూ కాలుస్తారు. రైతులు మా కొట్లో తమకో కట్ట, ఇంట్లోకో కట్ట అడిగి మరీ కొనుక్కెళ్ళేవాళ్ళు. అందుకే ఆడవాళ్ళని పెరట్లోకి వెళ్ళి విడిగా అడుగుదామన్నాను. పరిశోధనకి పద్ధతి ప్రాణమని, మధ్యలో మార్చకూడదని ప్రొఫెసరుగారు సెలవిచ్చారు. పద్ధతంటే అరుగు దిగకపోవడమన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

మాకు బస ఇచ్చిన రైతు భార్య యాభై దాటిన మనిషి. మాకు రకరకాలు వండి పెట్టేది, తను మాత్రం చల్లారిన మజ్జిగన్నం తప్ప ముట్టేది కాదు. అనుమానమొచ్చి పెరట్లో వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. అంగిలంతా తెల్లగా పాలిపోయింది. మధ్యలో ఎర్రటి పుండు, వేలు పెడితే అంచు గట్టిగా తగిలింది. నాకు భయం వేసింది. అడ్డపొగ అలవాటేనా అంటే తలూపింది. మావారికి తెలీదు, చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. చెప్పనని మాటిచ్చాను. ఒకే ఇంట్లో అన్నేళ్ళు కాపురం చేసినవాడికి తెలియకపోవడమేమిటి? తెలిసినా తెలియనట్టుండటమే ఆ ఇంటి మర్యాద.

ఇది మామూలు పుండు కాదు, వెంటనే ఆస్పత్రికి పంపి ముక్క తీసి చూడాలని ప్రొఫెసరుగారికి చెప్పాను. ఆయన రైతుని పిలిచి మళ్ళీ అదే ప్రశ్న వేశారు, రైతు మళ్ళీ అదే జవాబు చెప్పాడు. ఆవకాయ మానెయ్యమను, వచ్చే సీజన్లో చూద్దాం అన్నారు. నేను గట్టిగా వాదించాను. పరిశోధనలో పైకి రావాలనుకునే ఆడపిల్లకి ఇంత కోపం పనికిరాదని, రాయబోయే పరిశోధన పేపర్లో నా పేరు ఉండాలో లేదో ఆలోచించుకోమని నెమ్మదిగా చెప్పారు. నా తోటివాడు తలూపాడు. పెద్ద డాక్టరు చెప్పందే ఆ రైతు తన భార్యని ఊరు దాటించడు.

వెళ్ళి ఆవిడకి ఉన్నమాట చెప్పాను.

"వచ్చే ఏటికి ఉంటానా డాక్టరమ్మా?" అంది.

"ఇప్పుడు ఆస్పత్రికెళ్తే ఉంటారండీ. కానీ అడ్డపొగ సంగతి మీ నోటితో మీరు చెప్తేగాని వీళ్ళు కదలరు."

లోపలికి వెళ్ళిపోయింది. ఇక చెప్పదనుకున్నాను.

ఆ సాయంత్రం అరుగు మీద ప్రొఫెసరుగారు మోచేతుల దాకా రసం కారుస్తూ పండు జుర్రుకుంటూ, రోగి నమ్మకం సంపాదించడమెలాగో మాకు పాఠం చెబుతున్నారు. రైతు పక్కన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆవిడ పళ్ళెం తెచ్చి పెట్టింది. భర్త వేళ్ళ మధ్యనుంచి చుట్ట తీసుకుని, తిప్పి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది. ఒక్క దమ్ము లాగి, చుట్ట తీసి మళ్ళీ భర్త చేతిలోనే పెట్టింది.

"పెళ్ళైన కాడి నుంచీ ఉందండీ ఇది. ఇప్పుడు రాసుకోండి."

ప్రొఫెసరుగారి చేతిలో టెంక అలాగే ఉండిపోయింది.  రైతు ఆయన్ని కాదు, నన్నడిగాడు, పొద్దున్నే బండి కట్టించనా అని.

ఆపరేషన్లో ఆవిడ అంగిలి కొంత పోయింది, మనిషి దక్కింది. ఓర్పుగా అడిగితే రోగి నిజం దాచదని ప్రొఫెసరుగారు పెద్ద సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. పేపర్లో నా పేరు లేదు. మరుసటి ఏడు పళ్ళ కాలానికి కొత్త బ్యాచి కుర్ర డాక్టర్లతో మళ్ళీ అదే అరుగు మీదికి వెళ్ళాం. ఆయన గొంతు సవరించుకునేలోపే ఆవిడ బయటికొచ్చింది. మాట ముక్కుతో వస్తోంది, అయినా స్పష్టంగానే ఉంది. భర్తని తోటకి పొమ్మంది, ప్రొఫెసరుగారి ముందు పళ్ళ గంప పెట్టింది, కుర్ర డాక్టర్లని మాత్రం తన వెంట పెరట్లోకి రమ్మంది. అక్కడ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ముందుగా తనే నోరు తెరిచింది.