కోలుకుంటున్న టీము

కార్డిఫ్‌లో మా పేటకి ఒక బేస్‌బాల్ టీము ఉండేది. పాతవాళ్ళంతా మానేస్తే ఆ వేసవికి కుర్రాళ్ళతో మళ్ళీ కట్టారు. పార్కు బెంచీ మీద కూర్చుని చూసే అభిమానులం ఇద్దరమే: నేనూ, నేను డాక్టరుగా పనిచేసే హాస్పిటల్లోనే సర్జన్‌గా చేసి రిటైరైన గుంటూరు అంకులూ.

సీజన్ మొదలై నెల దాటినా ఒక్క మ్యాచ్ గెలవలేదు. బంతి వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి పోతుంటే నాకు ఒళ్ళు మండేది.

"వీళ్ళు బాగుపడరండీ" అనేవాణ్ణి.

"కొత్త కుర్రాళ్ళయ్యా, టైమివ్వాలి. కిందటి వారం మీద నయమేగా" అనేవారు అంకుల్.

ఆ గొంతు నాకు తెలుసు. ఆశ లేని పేషెంట్ గురించి వార్డు బయట బంధువులతో నేనూ అదే గొంతుతో మాట్లాడతాను.

ఒక శనివారం ఆట మొదలవకముందే కెప్టెన్ మా బెంచీ దగ్గరికి వచ్చాడు. పలకరించడానికనుకున్నాను. ఇద్దరు తక్కువయ్యారు, మీరొచ్చి ఫీల్డింగ్‌లో నిలబడతారా అని అడిగాడు.

అంకుల్‌వి రెండూ ఆపరేషన్ చేసి మార్చిన మోకాళ్ళు. ఆయన నా వైపు చూడకుండా కోటు విప్పి బెంచీ మీద పెట్టి, "పదవయ్యా" అన్నారు.

తనూ ఆ టీములో ఒకరయ్యాక, టైమివ్వాలన్న మాట మళ్ళీ ఆయన నోట వినలేదు.